కాకరకాయ వేపుడు: కరకర చక్రాలా, పులుసు బెల్లమా, గుత్తి కాయా?

కాకరకాయ వేపుడు అనే పేరు కింద కనీసం మూడు వేర్వేరు కూరలున్నాయి. పప్పుచారు పక్కన నంజుకునే కరకరలాడే చక్రాలు ఒకటి. వేడన్నంలో నెయ్యి వేసి కలుపుకునే పులుసు బెల్లం వేపుడు ఇంకొకటి. ఉల్లికారం కూరి నూనెలో నిదానంగా మగ్గించే గుత్తి కాకరకాయ మూడోది. మూడింటికీ కాయ వేరు, కోత వేరు, చేదు తీసే తీరు వేరు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం రెండోదాన్ని పాడుచేస్తుంది. మజ్జిగలో ఉడికించిన ముక్కలు పులుసు బెల్లం కూరలో చక్కగా ఇమిడిపోతాయి. వాటినే కరకరలాడించబోతే ఎంతసేపు వేయించినా నూనె పీల్చుకుని మెత్తగానే మిగులుతాయి. కాబట్టి చేదు ఎలా తీయాలని ఆలోచించే ముందు, ఇవాళ దీన్ని దేనితో తినబోతున్నారో తేల్చుకోండి.

చేదు పూర్తిగా పోవాలని మాత్రం పట్టుబట్టకండి. నాలుగుసార్లు కడిగి, రెండుసార్లు ఉడికించి పిండితే మిగిలేది పీచు. దానికి ఎంత కారం పట్టించినా కాకరకాయ తిన్నట్టుండదు. చేదును ఉప్పు, పులుపు, తీపి, నూనె నాలుగూ అణచిపెడతాయి. అందుకే తీయాల్సింది సగం, అణచాల్సింది సగం. అసలు కష్టం నీటితో వస్తుంది. కాకరకాయలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. ఆ నీరు ఎప్పుడు, ఎటు పోతుందో చూసుకుంటే వేపుడు సగం కుదిరినట్టే.

ఏ కాయ కొనాలి

చక్రాలకు జానెడుకు కొంచెం తక్కువ పొడవున్న, గట్టిగా ఉన్న ముదురాకుపచ్చ కాయలు మంచివి. కండ పలచన, నీరు తక్కువ, త్వరగా వేగుతాయి. చేదు ఎక్కువే గానీ సన్నగా వేగిన చక్రంలో అది ఇబ్బంది పెట్టదు. లేతాకుపచ్చగా, తెల్లగా కనిపించే పొడవు కాయలకు కండ మందం, చేదు కాస్త తక్కువ. పులుసు బెల్లానికి ఇవే బాగుంటాయి, ముక్కలో రసం పట్టడానికి చోటుంటుంది. గుత్తికి వేలెడంత పొట్టి కాయలే కావాలి. పెద్ద కాయను రెండు ముక్కలు చేసి కూరితే తెరిచిన కొసనుంచి ఉల్లికారం జారి మూకుట్లో మాడుతుంది.

కాయ ఏదైనా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగితే లోపల పండుతోందన్నమాట. పసుపు చార కనిపించినా వదిలేయండి. పండిన కాయలో గింజల చుట్టూ ఎర్రని గుజ్జు పట్టి ఉంటుంది, కండ వేయించగానే చిదికిపోతుంది. లేత కాయలో గింజలు తెల్లగా, గోరు దిగేంత మెత్తగా ఉంటాయి. వాటిని తీయక్కర్లేదు, వేగితే చక్కగా కరకరలాడతాయి. గోరు దిగని గట్టి గింజలు మాత్రం తీసేయాలి. అవి నూనెలో చిట్లి మీద పడతాయి, పంటికింద రాయిలా తగులుతాయి.

తొలకరి తర్వాత తెలంగాణ సంతల్లోకి వచ్చే బోడ కాకర, అదే ఆకాకర, వేరే జాతి. దానికి చేదు లేదు. ఉప్పు పట్టించి పిండే పని పెట్టుకోకుండా కడిగి, తుడిచి, నాలుగు చీలికలు చేసి నేరుగా వేయించుకోవాలి. కాకరకాయ కదా అని ఉప్పు పట్టించి పిండితే, అంత ధర పెట్టి కొన్న కాయ రుచి ఆ నీళ్ళతో పోతుంది.

విదేశాల్లో ఉండేవాళ్ళకు తూర్పు ఆసియా దుకాణాల్లో దొరికేది బొడిపెలు నున్నగా, వెడల్పుగా ఉండే చైనా కాకర. కండ మందం, నీరు ఎక్కువ. దీంతో చక్రాలు చేయాలంటే మామూలుకన్నా పలచగా కోసి, ఉప్పులో పావుగంట ఎక్కువ ఉంచాలి. పులుసు కూరకు ఇబ్బంది లేదు. గడ్డకట్టించి అమ్మే కాకర ముక్కలతో కరకర వేపుడు మాత్రం ఆశించకండి. మంచు కట్టినప్పుడే కండ లోపల చిట్లి ఉంటుంది, కరగగానే నీళ్ళు వదిలేస్తుంది. ఆ ముక్కలను గట్టిగా పిండి పులుసు బెల్లానికి వాడుకోవచ్చు. మంచుతో ఉన్న ముక్కను కాగిన నూనెలో వేస్తే నూనె పొంగి చిమ్ముతుంది, ఆ పని చేయొద్దు.

చేదు తీసే దారులు

ముందు కాయల మీది బొడిపెల మొనలను చాకుతో తేలిగ్గా గీరేయండి. చేదు కొంత తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, మొనలు నూనెలో విరిగి అడుగున మాడకుండా ఉంటాయి. తొక్క మొత్తం చెక్కేయొద్దు, చక్రం నిలబడేది దాని వల్లే.

*ఉప్పు, పసుపు పట్టించి పిండడం.* అర కిలో ముక్కలకు ఒకటిన్నర టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ పసుపు. చేత్తో బాగా పట్టించి అరగంట వదిలేస్తే గిన్నె అడుగున పచ్చని నీరు చేరుతుంది. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది, దాంతో పాటే కొంత చేదు వస్తుంది. గుప్పెడు గుప్పెడుగా తీసుకుని ముక్క విరగకుండా పిండండి. ఇది చేదునూ నీటినీ ఒకేసారి తగ్గించే పద్ధతి, అందుకే కరకర చక్రాలకు దీన్ని మించింది లేదు. పిండిన తర్వాత కడిగితే మళ్ళీ నీరు ఎక్కుతుంది. కడగకుండా, తర్వాత వేసే ఉప్పు తగ్గించుకోండి. చాలా ఇళ్ళలో కాకరకాయ వేపుడు ఉప్పగా అయ్యేది ఇక్కడే: ముక్కలో అప్పటికే ఉప్పుందని మరచిపోయి, కారప్పొడిలోనూ మామూలుగా వేసేస్తారు.

*మజ్జిగలో ఉడికించడం.* ఒక కప్పు పుల్లని మజ్జిగకు ఒక కప్పు నీళ్ళు, అర టీస్పూన్ ఉప్పు, చిటికెడు పసుపు కలిపి, ముక్కలు వేసి అయిదు నుంచి ఏడు నిమిషాలు ఉడకనివ్వాలి. మజ్జిగ విరిగినా కంగారు పడక్కర్లేదు, ఎలాగూ పారబోసేదే. ముక్క ముప్పావు వంతు ఉడకగానే చిల్లుల గిన్నెలో వంచి, చల్లారాక మెల్లగా పిండాలి. చేదు బాగా తగ్గేది దీనితోనే. గుత్తి కాయకూ, పిల్లలు తినే కూరకూ ఇది సరైనది. పూర్తిగా ఉడికిపోతే పిండేటప్పుడే ముక్క చితికిపోతుంది, దాన్ని ఇక వేపుడు చేయలేరు.

*చింతపండు నీళ్ళలో ఉడికించడం.* పులుసు బెల్లానికి చాలామంది ఈ పద్ధతే పాటిస్తారు. పులుపులో కాయ నిదానంగా ఉడుకుతుంది, ముక్క ఆకారం చెడదు. రంగు మాత్రం పచ్చదనం పోయి మట్టిరంగుకు తిరుగుతుంది. మెత్తగా తినాలనుకునేవాళ్ళు మజ్జిగకో, ఉత్త ఉప్పునీళ్ళకో వెళ్ళడం మేలు.

*ఎండబెట్టడం.* ఉప్పు పట్టించి పిండిన చక్రాలను ఎండాకాలం రెండు గంటలు పలచని బట్టమీద ఆరబెడితే వేగే సమయం చాలా తగ్గుతుంది, నూనె కూడా తక్కువ లాగుతుంది. ఎండ దొరికితే వదులుకోవద్దు. అదే రెండు మూడు రోజులు గలగలలాడేదాకా ఎండితే వరుగులవుతాయి, ఏడాదంతా వేయించుకోవచ్చు.

కరకర చక్రాలు: నూనెలో ముంచా, కొద్ది నూనెలోనా?

చక్రం మందం మూడు మిల్లీమీటర్లు ఉండాలి. అన్నీ ఒకే మందం ఉండటం అంతకన్నా ముఖ్యం. పలచనివి మాడేసరికి మందపువి ఇంకా పచ్చిగా ఉంటే ఆ వేపుడును దారికి తేవడం కష్టం.

నూనెలో ముంచి వేయిస్తే ఫలితం దాదాపు ఖాయం. నూనె బాగా కాగాక మంట మధ్యస్థంగా పెట్టండి. ఒక చక్రం వేస్తే వెంటనే బుడగలతో పైకి తేలాలి, రంగు మాత్రం మారకూడదు. ధర్మామీటరు ఉంటే 170 డిగ్రీల దగ్గర. గుప్పెడు చొప్పున వేయండి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి ముక్క వేగకుండా నానుతుంది. బుడగలను గమనించండి: మొదట చిటపటలతో పొంగుతాయి, అయిదారు నిమిషాలకు సద్దుమణుగుతాయి. చప్పుడు తగ్గిందంటే లోపలి నీరు పోయింది. అంచులు గోధుమరంగుకు తిరుగుతుండగానే తీసేయాలి. తీశాక కూడా ఆ వేడికి రంగు ఒక మెట్టు ముదురుతుంది. మూకుట్లోనే సరైన రంగు వచ్చేదాకా ఆగితే పళ్ళెంలోకి వచ్చేసరికి మాడినట్టే.

కొద్ది నూనెలో వేయించడం రోజూ చేసుకునేవాళ్ళకు. అర కిలోకు నాలుగు టేబుల్ స్పూన్ల నూనె, వెడల్పాటి ఇనుప బాండీ, ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాల ఓపిక. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకుతో తాలింపు వేసి ముక్కలు పరచండి. మూత పెట్టొద్దు. మూతకు పట్టిన ఆవిరి తిరిగి ముక్కల మీదే పడుతుంది, అక్కడితో కరకర పోయినట్టే. మొదటి పది నిమిషాలు రెండు మూడుసార్లకు మించి కలపొద్దు. ముక్క అడుగు ఎర్రబడ్డాక దానంతటదే బాండీని వదులుతుంది. ముందే గరిటె పెట్టి కదిపితే చక్రాలు విరిగి పొడవుతాయి. ఇద్దరికి మించి వండాలంటే రెండు విడతలుగా చేయండి. ముక్కలు ఒకదానిమీద ఒకటి ఉంటే కింది వాటి ఆవిరికి పైవి ఉడుకుతాయి.

ఎయిర్ ఫ్రయ్యర్లో చేసేవాళ్ళు పిండిన ముక్కలను బట్టతో అద్ది, ఒక టేబుల్ స్పూన్ నూనె పట్టించి 180 డిగ్రీల దగ్గర పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు పెట్టి, అయిదు నిమిషాలకోసారి కుదపాలి. కరకర వస్తుంది. కానీ పొడి అంటుకోవడానికి పైన నూనె చాలదు. ఒక టీస్పూన్ నూనెతో తాలింపు పెట్టి అందులో కలిపితే ఆ లోటు తీరుతుంది.

పిల్లల కోసం ఇంకో రకం ఉంది: పిండిన అర కిలో చక్రాలకు రెండు టేబుల్ స్పూన్ల శనగపిండి, ఒక టేబుల్ స్పూన్ బియ్యప్పిండి, కారం చల్లి, చుక్క నీళ్ళు పోయకుండా చేత్తో పట్టించి వెంటనే వేయించడం. ఈ ‘వెంటనే’ ముఖ్యం. పది నిమిషాలు పక్కన పెడితే ముక్కలు ఊరి పిండి జావవుతుంది, బజ్జీ తొడుగులా మెత్తగా వేగుతుంది.

ఏ పొడి చల్లాలి

పుట్నాల కారమైతే అర కిలో కాయకు మూడు టేబుల్ స్పూన్ల పుట్నాలపప్పు, రెండు టేబుల్ స్పూన్ల ఎండుకొబ్బరి, ఒక టీస్పూన్ జీలకర్ర, ఒకటిన్నర టీస్పూన్ కారం, అర టీస్పూన్ ఉప్పు మెత్తగా ఆడించి, చివర ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క తిప్పు తిప్పాలి. వెల్లుల్లి మొదట్లోనే వేస్తే పొడి ముద్ద కడుతుంది. పుట్నాలు మిగిలిన కాస్త చెమ్మనూ నూనెనూ పీల్చుకుంటాయి, వేపుడు పొడిపొడిగా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్ళు దీన్నే ఎంచుకోండి. తప్పు జరిగే అవకాశం తక్కువ.

పల్లీ నువ్వుల పొడి రుచిలో బరువైనది, చేదును ఎక్కువ కప్పుతుంది. మూడు టేబుల్ స్పూన్ల పల్లీలు, రెండు టేబుల్ స్పూన్ల నువ్వులు, ఆరు ఎండుమిరపకాయలు. నువ్వులను సన్నని సెగమీద చిటపటలాడేదాకానే వేయించండి, ఎర్రబడ్డ నువ్వులు తామే చేదెక్కుతాయి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ఉండ కడుతుంది. జొన్నరొట్టెతో తినేదైతే పుట్నాలకన్నా ఇదే నయం.

పొడి ఏదైనా పొయ్యి ఆపేశాకే చల్లాలి. ఆ వేడి చాలు. మంటమీద కారం మాడితే ఆ చేదు కాకర చేదుకు తోడవుతుంది, తినేవాళ్ళు కాయను తిట్టుకుంటారు.

ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది ఇళ్ళలో తెగని వాదన. వేస్తే తీపి వస్తుంది, కూర ఎక్కువవుతుంది, అన్నంలో కలుపుకోవడానికి బాగుంటుంది. కరకర మాత్రం పోతుంది, ఉల్లి నిండా నీరే కదా. రెండూ కావాలంటే ఉల్లిని విడిగా ఎర్రగా వేయించి, వడ్డించే ముందు చక్రాలతో కలపండి. రెండింటినీ ఒకేసారి మూకుట్లో వేయడం వల్లే ‘మాకు ఎప్పుడూ మెత్తగానే వస్తుంది’ అనే మాట వినిపిస్తుంది.

పులుసు బెల్లం

ఇక్కడ కరకర అవసరం లేదు. అర అంగుళం ముక్కలు చాలు. ముక్కలను నాలుగు టేబుల్ స్పూన్ల నూనెలో ముప్పావు వంతు వేగనిచ్చి, చిన్న నిమ్మకాయంత చింతపండు నుంచి తీసిన చిక్కని గుజ్జు అర కప్పు పోయండి. గుజ్జు ఇగిరి నూనె పైకి తేలాక ఒక టీస్పూన్ కారం, తగినంత ఉప్పు, పాతిక ముప్పై గ్రాముల తరిగిన బెల్లం. మరో మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉంటే ముక్కకు జిగురుగా పట్టుకుంటుంది.

ఈ వరుస మార్చొద్దు. ముక్క వేగకముందే పులుపు పోస్తే అది మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది. బెల్లం ముందే వేస్తే అడుగంటి మాడుతుంది, అప్పుడు వచ్చే వాసన పోదు. ఇనుప బాండీ కూడా వద్దు: చింతపండు ఇనుముతో కలిసి కూరను నల్లబరిచి, నాలుకకు లోహపు రుచి తగిలిస్తుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె గానీ నాన్ స్టిక్ గానీ వాడండి.

చేదు అంటే ముఖం తిప్పుకునేవాళ్ళకు మొదట పెట్టాల్సింది ఇదే. మధుమేహం ఉన్నవాళ్ళకు మాత్రం చక్రాలే మేలు; బెల్లం వేశాక కాకరకాయ ఎందుకు తింటున్నారో ఆ ఉద్దేశమే పోతుంది. కాకరకాయ తింటున్నాం కదా అని మందులు తగ్గించుకోవడం ప్రమాదం. అది కూరగా తినాల్సింది, మందుకు బదులు కాదు.

గుత్తి కాకరకాయ

మూడింటిలో ఎక్కువ పని దీనిదే, తీరిక ఉన్న రోజు పెట్టుకోండి. అర కిలో పొట్టి కాయలకు ఒకవైపే గాటు పెట్టి, గింజలు తీసి, మజ్జిగలో ఆరు నిమిషాలు ఉడికించి వార్చండి. బోర్లించి పూర్తిగా చల్లారనివ్వాలి, లోపల నిలిచిన నీరు కూరను లోపలినుంచే పాడుచేస్తుంది.

ఉల్లికారానికి పావు కిలో ఉల్లిపాయలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, ఒక టేబుల్ స్పూన్ ధనియాలు, ఒక టీస్పూన్ జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, ఒక టీస్పూన్ ఉప్పు. ధనియాలు, జీలకర్ర, మిరపకాయలు వేయించి పొడి చేసుకుని, చివర ఉల్లి వేసి బరకగా తిప్పండి. పచ్చి ఉల్లిని మిక్సీలో మెత్తని ముద్ద చేస్తే చేదెక్కుతుంది, నీరూ వదులుతుంది. రోలు ఉంటే దంచుకోవడం అన్నిటికన్నా మంచిది.

గాటు మూసుకునేంత వరకే కూరి, దారం చుట్టండి. అయిదు టేబుల్ స్పూన్ల నూనెలో సన్నని సెగమీద పది నిమిషాలు మూత పెట్టి మగ్గించి, తర్వాత మూత తీసి మరో పావుగంట అన్ని వైపులా తిప్పుతూ వేయించాలి. మూత ఉన్నంతసేపు ఉల్లి పచ్చివాసన పోతుంది, తీశాక తొక్క ఎర్రబడుతుంది. మొత్తం సమయం మూతతోనే ఉంచితే గుత్తి కూర ఉడికినట్టుంటుంది, మూత లేకుండానే వేయిస్తే బయట మాడి లోపలి ఉల్లి పచ్చిగా మిగులుతుంది. మిగిలిన ఉల్లికారాన్ని చివరి అయిదు నిమిషాల్లోనే మూకుట్లో వేయండి.

ఏది ఎప్పుడు

పప్పుచారు, సాంబారు, పెరుగన్నం ఉన్న పూట చక్రాలు. పప్పు లేని రోజు, కూరే అన్నంలో కలుపుకోవాల్సి వస్తే పులుసు బెల్లం. చుట్టాలొచ్చినప్పుడు గుత్తి కాయ, దాని పక్కన ముద్దపప్పు ఉంటే ఇంకో కూర అడగరు. ఆఫీసు డబ్బాలోకి పులుసు బెల్లమో గుత్తో పెట్టండి. చక్రాలు వేడన్నం ఆవిరికి మెత్తబడతాయి, పెట్టాలనుకుంటే విడి డబ్బాలో పెట్టాలి. ఊరికి పంపడానికైతే నూనెలో ముంచి వేయించి, పూర్తిగా చల్లారాక పుట్నాల కారం కలిపినదే పనికొస్తుంది. తడి తగలని డబ్బాలో వారం దాకా బాగుంటుంది. వేడిమీద మూత పెడితే మాత్రం లోపల చెమ్మ పట్టి మర్నాటికే మెత్తబడుతుంది. ఉల్లి వేసినవేవీ బయట నిల్వ ఉంచొద్దు; ఆ పూటకు తినగా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ముగించండి.

పులుసు బెల్లం వేపుడు మాత్రం చేసిన పూటకన్నా మర్నాడే బాగుంటుంది, పులుపూ తీపీ ముక్క లోపలిదాకా దిగుతాయి. రాత్రి వండి పెట్టుకుంటే పొద్దున పని తగ్గుతుంది.